ఓటు వేయకపోతే జరిమానా, ఫోన్‌లోనే ఓటు: ఈ రెండూ ఎక్కడ తడబడతాయంటే

ప్రశ్న ఇది: 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఫోన్‌లో లక్షల రూపాయలు పంపుకుంటున్నాం కదా, ఓటు కూడా ఫోన్‌లోనే వేయనిస్తే ఏం పోయింది? అప్పటికీ వేయనివాళ్లకు ఆస్ట్రేలియాలో మాదిరి జరిమానా వేస్తే దారికి రారా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జరిమానా మనిషికి పడదు, జాబితాలో ఉన్న పేరుకు పడుతుంది. మన నగరాల్లో ఆ పేరుకూ మనిషికీ పొంతన సరిగ్గా లేదు. అది కుదిరేదాకా తప్పనిసరి ఓటు కాగితం మీదే ఉంటుంది. ఇక ఫోన్ ఓటుకు అసలు అడ్డంకి హ్యాకర్లు కాదు, ఎన్నికల ముందు రాత్రి డబ్బు కవర్లు పంచేవాళ్లు.

మొదట ఆ శాతం సంగతి చూద్దాం. 2024 మే 13న హైదరాబాద్ స్థానంలో 48%, సికింద్రాబాద్‌లో 49%, మల్కాజ్‌గిరిలో 51% దగ్గర పోలింగ్ జరిగింది. పక్కనే ఉన్న భువనగిరిలో దాదాపు 77%. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో 80% దాటింది. దీన్ని చూసి 'పట్నంవాళ్లకు బద్ధకం' అనేస్తారు. కొంత నిజమే, కాదనను. కానీ శాతం అంటే భాగహారం. పైన ఉన్నది వేసిన ఓట్లు, కింద ఉన్నది జాబితాలోని పేర్లు. కింది అంకె ఉబ్బితే శాతం దానంతటదే పడిపోతుంది.

లెక్క కోసం ఒక బూత్ అనుకోండి. జాబితాలో 1,200 పేర్లు, పడిన ఓట్లు 576. అంటే 48%. ఆ 1,200లో ఇల్లు మారి వెళ్లిపోయినవాళ్లు 150, చనిపోయినవాళ్లు 30, రెండుసార్లు ఎక్కిన పేర్లు 60 అయితే నిజంగా అక్కడున్నది 960 మందే. అప్పుడు అదే 576 ఓట్లు 60% అవుతాయి. అద్దె ఇళ్లు ఎక్కువగా ఉండే కూకట్‌పల్లి, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల ఇలాంటి తేడా రావడం వింతేమీ కాదు. పైగా 2019లోనూ 2024లోనూ రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకే రోజు పోలింగ్ పెట్టారు. 2024లో అది సోమవారం. శనివారం రాత్రే విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరాయి. వాళ్లలో చాలామంది ఓటు వేయడానికే వెళ్లారు, కాకపోతే గుంటూరులోనో భీమవరంలోనో వేశారు. హైదరాబాద్ జాబితాలో కూడా పేరున్నవాళ్లు ఇక్కడి లెక్కలో 'ఓటు వేయనివాళ్లు' అయ్యారు. రెండు చోట్ల పేరుండటం 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం కుదరదు. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అయినా పేర్లు మాత్రం ఉంటూనే ఉన్నాయి.

ఎందుకు ఉంటాయంటే, చేర్చడానికి ఒకరు వస్తారు, తీయించడానికి ఎవరూ రారు. పేరు తీసేయాలంటే ఎవరైనా ఫారం 7 ఇవ్వాలి, లేదా బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌ఓ, ఇంటికొచ్చి చూసి నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత నోటీసు, విచారణ. బీఎల్‌ఓ అంటే ఏ అంగన్‌వాడీ టీచరో, మున్సిపల్ సిబ్బందో. అసలు ఉద్యోగం అయ్యాక ఈ పని. గేటెడ్ కమ్యూనిటీకి వెళ్తే వాచ్‌మన్ లోపలికి వదలడు. ఫ్లాట్‌కు తాళం ఉంటే మూడుసార్లు తిరగాలి. పక్కవాళ్లను అడిగితే 'మాకు తెలియదండీ' అంటారు.

ఇందులో దరఖాస్తుదారుల తప్పు కూడా ఒకటుంది. ఇల్లు మారినవాళ్లు ఇవ్వాల్సింది ఫారం 8. 2022 ఆగస్టు నుంచి ఫారం 6 పూర్తిగా కొత్త ఓటర్లకే. ఫారం 8తో మారితే పాత చోట పేరు తీసే ప్రక్రియ దానితోపాటే నడుస్తుంది. కానీ జనం, కొన్నిసార్లు మీసేవ దగ్గర నింపిపెట్టేవాళ్లు కూడా, 'కొత్త అడ్రస్సు కాబట్టి కొత్త ఓటు' అని ఫారం 6 పెట్టేస్తారు. కొత్త నంబరుతో ఇంకో కార్డు వస్తుంది. పాతది అక్కడే ఉండిపోతుంది.

పేర్లు తీసేయడంలో తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు చేతిలో కార్డున్నా జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగినవాళ్లు ఎందరో. రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2025లో బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ చేసినప్పుడు 7.89 కోట్ల పేర్లున్న జాబితా ముసాయిదాకు వచ్చేసరికి 65 లక్షలు తగ్గింది. అందులో చనిపోయినవాళ్లు 22 లక్షలని, వెళ్లిపోయినవాళ్లు లేదా ఇంటి దగ్గర కనబడనివాళ్లు దాదాపు 36 లక్షలని, రెండు చోట్ల ఉన్నవాళ్లు 7 లక్షలని ఎన్నికల సంఘం లెక్క చెప్పింది. బతికున్నవాళ్లను చనిపోయినట్టు రాశారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. తీసేసిన పేర్లను కారణంతో సహా బయటపెట్టాలని కోర్టు ఆదేశించింది. జాబితా ఎంత వదులుగా ఉందో, దాన్ని బిగించడం ఎంత ప్రమాదమో రెండూ ఇక్కడే కనిపిస్తాయి.

ఇప్పుడు ఈ జాబితా మీద జరిమానా వేయండి. 2024లో తెలంగాణలో ఓటర్లు సుమారు 3.3 కోట్లు. వాళ్లలో మూడింట ఒకవంతు వేయలేదు, అంటే దాదాపు 1.1 కోట్ల నోటీసులు. అచ్చు, తపాలా కలిపి ఒక్కో నోటీసుకు 40 రూపాయలనుకుంటే 44 కోట్లు. వెళ్లేది జాబితాలోని చిరునామాకే కాబట్టి చాలావరకు తిరిగొస్తాయి. అందినవాళ్లలో 11 లక్షల మంది 'ఒంట్లో బాగోలేదు', 'ఊళ్లో లేను', 'నా పేరే కనబడలేదు' అని జవాబు రాశారనుకుందాం. వాటిని చూడాల్సింది నియోజకవర్గానికి ఒకరు చొప్పున ఉండే 119 మంది ఓటరు నమోదు అధికారులు. తలా 9,200కు పైగా దస్త్రాలు. రోజుకు 50 చూసినా ఆరు నెలలు పైనే. వాళ్లేమైనా ఖాళీగా కూర్చున్నారా అంటే, ఆర్డీఓలు, మున్సిపల్ అధికారులు, తలకు మించిన పనులున్నవాళ్లే.

ఆస్ట్రేలియాలో ఎలా కుదిరిందని అడగొచ్చు. 1922లో అక్కడ పోలింగ్ 60% లోపే. 1924లో చట్టం చేశారు, 1925లో 91% దాటింది. అందరూ చెప్పేది ఇంతవరకే. చెప్పనిది ఏమిటంటే, ఓటరుగా నమోదు కావడాన్ని వాళ్లు ఓటుకంటే పదేళ్లకు పైగా ముందే తప్పనిసరి చేశారు. ఇప్పుడైతే డ్రైవింగ్ లైసెన్సు లాంటి ప్రభుత్వ రికార్డులు చూసి అక్కడి ఎన్నికల సంఘమే చిరునామా మార్చి ఓటరుకు తెలియజేస్తుంది. పోలింగ్ ఎప్పుడూ శనివారమే. రాష్ట్రంలో ఏ కేంద్రానికి వెళ్లినా ఓటు వేయొచ్చు. ముందస్తు కేంద్రాలున్నాయి, తపాలా ఓటు ఉంది, ఆసుపత్రులకూ మారుమూల ఊళ్లకూ సంచార బృందాలు వెళ్తాయి. ఇన్నీ చేశాక కూడా వేయనివాడికి ఒక ఉత్తరం వస్తుంది: వేశానని చెప్పు, తగిన కారణం చూపు, లేదా 20 డాలర్లు కట్టు. అక్కడ జరిమానా చివరి మెట్టు. మనం మొదటి మెట్టు అనుకుంటున్నాం. మన దగ్గర మామూలు ఓటరు తన బూత్‌లో తప్ప పక్క వీధి బూత్‌లో కూడా వేయలేడు.

చిలీ ఇంకా మంచి ఉదాహరణ. 2020 ప్రజాభిప్రాయ సేకరణ స్వచ్ఛందం, వచ్చినవాళ్లు సగానికి కాస్త ఎక్కువ. 2022లో తప్పనిసరి చేస్తే 85% దాటింది. మధ్యలో జనం మారిపోలేదు. అక్కడ 2012 నుంచే నమోదు ఆటోమేటిక్, అందుకే చట్టం పనిచేసింది. దీనికి తిరగబడిన కథ బెల్జియంది. 1893 నుంచీ తప్పనిసరి. ఫ్లాండర్స్ ప్రాంతం 2024 స్థానిక ఎన్నికల్లో దాన్ని తీసేయగానే పోలింగ్ మూడింట రెండు వంతుల లోపుకు పడిపోయింది. కాబట్టి తప్పనిసరి చేస్తే శాతం పెరుగుతుందా అంటే పెరుగుతుంది, అందులో అనుమానం అక్కర్లేదు. మన దగ్గర దాన్ని అమలు చేయగలమా అన్నదే గొడవ.

గుజరాత్ ప్రయత్నించింది కూడా. స్థానిక సంస్థల ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ 2009లో బిల్లు తెచ్చారు. అప్పటి గవర్నర్ కమలా బేనీవాల్ ఒప్పుకోలేదు. 2014లో వేరే గవర్నర్ హయాంలో ఆమోదం వచ్చింది. 2015లో 100 రూపాయల జరిమానా అని నియమాలు రాశారు. ఆగస్టులోనే గుజరాత్ హైకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడాది మార్చిలో జస్టిస్ ఎ.పి.షా అధ్యక్షతన లా కమిషన్ తన 255వ నివేదికలో తప్పనిసరి ఓటు వద్దని చెప్పింది.

చట్టపరంగా ఒక చిక్కుముడి ఉంది, చర్చల్లో ఎవరూ దాని జోలికి పోరు. ఓటు 'ప్రాథమిక విధి' అని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగం 51ఎ అధికరణంలో 11 విధులున్నాయి, వాటిలో ఓటు లేదు. పైగా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 79(డి) 'ఎన్నికల హక్కు'ను నిర్వచిస్తూ ఓటు వేసే హక్కుతోపాటు వేయకుండా ఉండే హక్కును కూడా పేర్కొంది. 2013లో నోటా తీర్పు ఇచ్చేటప్పుడు సుప్రీంకోర్టు దీన్ని చర్చించింది. పార్లమెంటు తలచుకుంటే మార్చొచ్చు. కానీ 'విధి కాబట్టి జరిమానా వేయొచ్చు' అన్న వాదన ఈరోజున్న చట్టం మీద నిలబడదు.

జరిమానా ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. పాలమూరు నుంచి ముంబైకి వలస వెళ్లిన మేస్త్రీకి ఊరొచ్చి ఓటు వేయాలంటే రానుపోను ఛార్జీలు, రెండుమూడు రోజుల కూలి పోతాయి. శ్రీకాకుళం నుంచి గుజరాత్ వేరావల్‌లో చేపల వేటకు వెళ్లినవాళ్లదీ అంతే. వాళ్లకు 100 రూపాయల జరిమానా కట్టడమే చవక. ఎక్కువ వేస్తే అన్యాయం. బ్రెజిల్‌లో కారణం లేకుండా ఎగ్గొట్టి జరిమానా కూడా కట్టనివాళ్లకు పాస్‌పోర్టు ఆగుతుంది. మన దగ్గర ఇలాంటిది పెడితే పాస్‌పోర్టుతో ఆగరు, రేషన్ కార్డు మీదికి వస్తారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకించేది అందుకే. అన్నట్టు, 'ఓటు వేయకపోతే బ్యాంకు ఖాతాలోంచి 350 రూపాయలు కట్ అవుతాయి' అని ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో తిరిగే పత్రిక కటింగ్ ఉత్త అబద్ధం. ఎన్నికల సంఘం దాన్ని ఖండించింది.

ఇక ఫోన్ ఓటు. 'యూపీఐ నడుస్తోందిగా' అనేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. యూపీఐలో ఎవరు ఎవరికి ఎంత పంపారో బ్యాంకుకు తెలుసు, మీకు మెసేజ్ వస్తుంది, తప్పు జరిగితే ఆ రికార్డు పట్టుకుని ఫిర్యాదు చేస్తారు. నమ్మకమంతా ఆ రికార్డు మీదే. ఓటులో ఎవరు ఎవరికి వేశారన్న రికార్డు ఎక్కడా ఉండకూడదు. రికార్డు లేకపోతే తప్పు జరిగిందని తేల్చేదెలా? యూపీఐలో మోసం జరిగితే సాయంత్రానికి బయటపడుతుంది. ఫోన్ ఓటులో మీరొకటి నొక్కితే ఇంకొకటి వెళ్లినా అయిదేళ్లు తెలియకపోవచ్చు.

ఈ సమస్యకు ఎస్టోనియా దగ్గరున్నదే ఇప్పటివరకు మెరుగైన జవాబు. 2005 నుంచి అక్కడ ఇంటర్నెట్ ఓటు ఉంది. ప్రతి పౌరుడి దగ్గరా చిప్ ఉన్న గుర్తింపు కార్డు, దానికి రెండు పిన్‌లు. ఓటు వేశాక తెర మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను వేరే ఫోన్‌తో 30 నిమిషాల్లోపు స్కాన్ చేసి ఓటు సరిగ్గా చేరిందో లేదో చూసుకోవచ్చు. ఎన్నిసార్లయినా మార్చి వేయొచ్చు, చివరిదే లెక్క. పోలింగ్ కేంద్రానికెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దవుతుంది. ఇంత పకడ్బందీగా చేసిన దేశంలో ఓటర్లు 10 లక్షల లోపు, మన ఒక్క లోక్‌సభ స్థానం కంటే తక్కువ. అక్కడ కూడా 2014లో బయటి నిపుణుల బృందం లోపాలు ఎత్తిచూపింది.

దానికంటే ఆసక్తి కలిగించేది పోలింగ్ శాతం. 2007 పార్లమెంటు ఎన్నికల్లో అక్కడ 61.9%, అప్పుడు ఆన్‌లైన్‌లో వేసింది వేసినవాళ్లలో 5% పైచిలుకు. 2023లో సగం మందికి పైగా ఆన్‌లైన్‌లోనే వేశారు. మొత్తం పోలింగ్ 63.5%. పదహారేళ్లలో రెండు శాతం కూడా పెరగలేదు. ఎప్పుడూ ఓటు వేసేవాళ్లే సోఫాలో కూర్చుని వేయడం మొదలుపెట్టారు, అంతే. ఫోన్ ఓటు పెడితే హైదరాబాద్‌లో శాతం ఎగబాకుతుందని ఆశపడేవాళ్లు ముందు ఈ రెండు అంకెల్ని చూడాలి.

ఇతర దేశాల అనుభవాలు క్లుప్తంగా చెప్తాను. 2010లో అమెరికా రాజధాని వాషింగ్టన్ ఇంటర్నెట్ ఓటు వ్యవస్థను పరీక్షకు పెట్టి 'ఎవరైనా ఛేదించండి' అంటే మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం రెండు రోజుల్లోపే చేజిక్కించుకుని, ఓటు వేసినవాళ్లకు తమ కాలేజీ పాట వినిపించేలా చేసింది. నార్వే 2011, 2013లో ప్రయోగం చేసి ఆపేసింది. స్విట్జర్లాండ్‌లో 2019లో లోపాలు బయటపడి ఆపి, సరిచేసి, 2023లో పరిమితంగా మళ్లీ మొదలుపెట్టారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో ఓటింగ్ యంత్రాలనే కొట్టేసింది. నిపుణుడు కాని మామూలు పౌరుడు కూడా లెక్కను స్వయంగా సరిచూసుకోగలగాలన్నది దాని సూత్రం.

మన దగ్గరా ప్రయత్నాలున్నాయి. గుజరాత్ 2010లో నగరపాలక ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు పెడితే వాడుకున్నవాళ్లు బహు తక్కువ. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ సాయంతో ఖమ్మంలో ఫోన్ ఓటుకు ఉత్తుత్తి పోలింగ్ జరిపింది, అది అసలు ఎన్నిక కాదు. బిహార్ 2025 జూన్‌లో పురపాలక ఎన్నికల్లో, ముందే నమోదు చేసుకున్నవాళ్లకు నిజంగానే ఫోన్‌లో ఓటు వేయనిచ్చింది.

ఇలాంటి యాప్‌లు ఎక్కడ మొరాయిస్తాయో ఊహించడం కష్టమేమీ కాదు. ఓటరు కార్డులో 'కె. లక్ష్మి', ఆధార్‌లో 'కొండపల్లి మహాలక్ష్మి'. ఇంటిపేరు ముందా వెనకా అన్న తగువు తెలుగువాళ్లకు పాస్‌పోర్టు ఆఫీసులో ఎప్పుడూ ఉన్నదే, ఇక్కడా అదే. జాబితాలోని ఫొటో పదిహేనేళ్ల కిందటిది, మసకబారింది, ముఖం పోల్చే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. సిమ్ కొడుకు పేరు మీద ఉంటుంది, ఓటీపీ వాడికి వెళ్తుంది, వాడు దుబాయ్‌లో ఉంటాడు. ఇంట్లో అయిదు ఓట్లకు ఒకటే స్మార్ట్‌ఫోన్. చివరి గంటలో అందరూ ఎగబడితే సర్వర్ చేతులెత్తేస్తుంది. బూత్‌లో అయితే సాయంత్రం గడువు వేళకు వరసలో నిలబడినవాళ్లకు చీటీలిచ్చి ఎంత రాత్రయినా వేయిస్తారు. సర్వర్ ముందు నిలబడినవాడికి చీటీ ఎవరిస్తారు?

ఇవన్నీ డబ్బూ కాలమూ పెడితే సర్దుకునేవే. సర్దుకోనిది ఇంకొకటుంది. తెలుగు రాష్ట్రాల్లో డబ్బు పంపకం ఎలా జరుగుతుందో తెలియనిది కాదు. బూత్ వారీగా జాబితా, ఇంటికి ఎన్ని ఓట్లో టిక్కులు, తలకు ఇంత అని కవరు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో పోలింగ్ 90% దాటింది. అంతా పౌరబాధ్యతేనని అక్కడివాళ్లు కూడా అనరు. అయినా ఈ బేరంలో పంచేవాడికి ఒక బెంగ ఉంటుంది: తీసుకున్నవాడు అట్టపెట్టె చాటున ఏ మీట నొక్కాడో కనబడదు. రెండు పార్టీల దగ్గరా తీసుకుని మూడో గుర్తుకు వేసినా అడిగే దిక్కులేదు. బడుగు ఓటరుకు ఉన్న బలం ఆ అట్టపెట్టె చాటే. ఫోన్‌లో ఓటంటే కవరు ఇచ్చినవాడు పక్కన కూర్చుని 'ఇప్పుడే నొక్కు' అంటాడు. ఎస్టోనియాలాగా 'మళ్లీ మార్చి వేయొచ్చు' అంటే, గడువు ముగిసేదాకా ఫోన్లు వాడి సంచిలో ఉంటాయి. ఇంట్లోనూ అంతే. కోడలి ఓటు ఎవరు నొక్కుతారో చెప్పనక్కర్లేదు.

ఎన్నికల సంఘానికి ఇది తెలుసు. పోలింగ్ విధుల్లో ఉన్న ఉద్యోగులు ఇదివరకు తపాలా బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లి లెక్కింపు రోజు దాకా తమ దగ్గర పెట్టుకునేవారు. 2023లో నియమం మార్చి వాళ్లు కూడా తమ కోసం పెట్టిన ఓటింగ్ కేంద్రంలోనే (ఫెసిలిటేషన్ కేంద్రం), చాటున వేసి అక్కడే ఇచ్చేయాలన్నారు. చదువుకున్న ఉద్యోగి చేతిలో రెండు వారాలు బ్యాలెట్ ఉంటేనే ఒత్తిళ్లూ బేరాలూ జరుగుతున్నాయని భయపడిన వ్యవస్థ, ఊరంతటి చేతుల్లో ఫోన్ ఓటు పెట్టగలదా? నేనైతే శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు వద్దంటాను. అపార్ట్‌మెంట్ సంఘానికో, సహకార సంఘానికో వాడుకోండి, అభ్యంతరం లేదు.

ఈవీఎంను 'అదీ టెక్నాలజీయే కదా' అని ఫోన్‌తో కలిపేయకండి. దానికి నెట్‌వర్క్ లేదు. ఓటు ఏ గుర్తుకు పడిందో అచ్చువేసి చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. పోలింగ్‌కు ముందు పార్టీల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్, జరుపుతారు. ఆ ఓట్లు చెరిపేయడం మరిచిపోవడమే సిబ్బంది చేసే మామూలు తప్పు. చెరపకపోతే, బూత్‌లో పడిన ఓట్ల లెక్క రాసే 17సి ఫారంలోని సంఖ్యకూ యంత్రంలోని సంఖ్యకూ లెక్కింపు రోజు తేడా వస్తుంది. అందుకే ఏజెంట్‌గా కూర్చునేవాళ్లు 17సి నకలు తీసుకోకుండా బయటికి రాకూడదు. 2019లో చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు వేసిన కేసులో, శాసనసభ సెగ్మెంటుకు ఒకటికి బదులు అయిదు వీవీప్యాట్‌ల చీటీలు లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో అన్నీ లెక్కించాలన్న వినతిని తోసిపుచ్చింది.

ఓటుకు వెళ్లడమే పౌరబాధ్యత అనుకునేవాళ్ల కోసం ఒక పక్కమాట. 1996లో నల్లగొండ లోక్‌సభకు ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం నామినేషన్లు వేస్తే 480 మంది అభ్యర్థులయ్యారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైపోయి పోలింగ్ వాయిదా పడింది. ఆ తర్వాతే డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు, 185 మంది బరిలో నిలిచారు. ఓటరు మీట నొక్కే పెట్టెను బ్యాలెట్ యూనిట్ అంటారు, ఒక్కోదాంట్లో 16 పేర్లే పడతాయి. పాత ఎం2 యంత్రానికి నాలుగు యూనిట్లే తగిలించొచ్చు, అంటే 64 పేర్లు. అందుకని 24 యూనిట్ల దాకా పట్టే ఎం3 యంత్రాలు తెప్పించి, బూత్‌కు 12 యూనిట్లు వరసగా పేర్చారు. జరిమానా భయంతో వచ్చి ఏదో ఒక మీట నొక్కే ఓటు కంటే ఆ నామినేషన్లే నాకు బరువైన పౌరబాధ్యతగా కనిపిస్తాయి.

మరి పోలింగ్ పెంచడానికి ఏం చేయొచ్చంటే, నన్నడిగితే మొదటి పని జాబితా. జనన మరణాల నమోదు నుంచి సమాచారం ఎప్పటికప్పుడు రావాలి. పేరు తీసేముందు ఫోన్‌కూ ఇంటికీ రెండింటికీ నోటీసు వెళ్లాలి. రెండోది, ఒకే నగరంలో ఏ బూత్‌లోనైనా వేసే వీలు. యంత్రం ఉంది కూడా: సొంత ఊరికి దూరంగా ఉన్నవాళ్ల కోసం, ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల బ్యాలెట్లు చూపగల రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది. పరాయి రాష్ట్రంలో మా ఏజెంట్లు ఎక్కడి నుంచి వస్తారు, వలస ఓటరు అంటే ఎవరు అని పార్టీలు అడ్డం తిరిగాయి. ప్రశ్నలు సబబైనవే. కానీ హైదరాబాద్ లాంటి ఒక్క నగరం లోపల ఆ ఇబ్బందులు లేవు, అక్కడ మొదలుపెట్టొచ్చు. మూడోది, రెండు రాష్ట్రాలకూ ఒకే రోజు, అదీ సోమవారం పోలింగ్ పెట్టకపోవడం. ఇవి చేశాక జరిమానా గురించి మాట్లాడదాం.

మీ వరకు ఇప్పుడే చేసుకోగలిగినవి చెప్తాను. ఎన్నికల సంఘం సైట్ voters.eci.gov.in లో మీ పేరు ఉందో లేదో కార్డు నంబరుతో వెతకండి. పేరుతో వెతికితే స్పెల్లింగ్ తేడా వల్ల ఉన్న పేరు కూడా దొరకదు. ఇల్లు మారితే ఫారం 8 పెట్టండి. చిరునామాకు ఆధార్, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, రిజిస్టరైన అద్దె ఒప్పందం పనికొస్తాయి. నోటరీ చేయించిన 11 నెలల అద్దె కాగితంతో వెళ్తే తిరస్కరించే అవకాశముంది. 18 నిండే పిల్లలకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. నామినేషన్ల చివరి తేదీ తర్వాత చట్టప్రకారం పేరు చేర్చరు. విచారణకు వ్యవధి కావాలి కాబట్టి అంతకు పది రోజుల ముందే దరఖాస్తు పడాలి. ఇంట్లో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40% లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లు ఉంటే నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు 12డి ఫారం ఇస్తే సిబ్బందే ఇంటికొచ్చి ఓటు వేయిస్తారు. పోలింగ్ రోజు కంపెనీ సెలవు ఇవ్వనంటే 1951 చట్టం 135బి చూపించండి. వేతనంతో కూడిన సెలవు ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. ఆ 500 అంకె చూస్తే నవ్వొస్తుంది గానీ, హెచ్‌ఆర్ విభాగానికి ఒక ఈమెయిల్ పెడితే సాధారణంగా పని జరుగుతుంది.

డబ్బు పంచడం కంటపడితే ఎన్నికల సంఘం ఫిర్యాదుల సేవ సీవిజిల్‌లో అక్కడికక్కడే ఫొటో లేదా రెండు నిమిషాల లోపు వీడియో తీసి పంపాలి. గ్యాలరీలో పాతది ఎక్కించనివ్వదు. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది లక్ష్యం.

చివరగా 'పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఎ కింద ఛాలెంజ్ ఓటు వేయొచ్చు' అన్న సందేశం మీద ఒక మాట. అది తప్పు. జాబితాలో పేరు లేకపోతే ఏ కార్డుతోనూ ఓటు లేదు. ఛాలెంజ్ అంటే ఓటు వేయడానికి వచ్చిన మనిషి అసలైనవాడు కాదని ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. మీ పేరు మీద అప్పటికే ఎవరో వేసేసి ఉంటే మీకు వర్తించేది 49పి. అది సెక్షన్ కూడా కాదు, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఒక నియమం. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగండి. గుర్తింపు ప్రశ్నలకు జవాబిచ్చాక యంత్రం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. లెక్కింపు రోజు దాన్ని తెరవరు. మెజారిటీ స్వల్పమై కేసు కోర్టుకు వెళ్తే అప్పుడు అక్కరకొస్తుంది. జాబితాలో సంతకం తీసుకున్నాకే బ్యాలెట్ చేతికిస్తారు కాబట్టి ఆ వరస సంఖ్య రాసి పెట్టుకోండి.